బావ మాటకు వంత

పక్షవాతం వచ్చిన తర్వాత మా బావ నోటి నుంచి వచ్చిన మొదటి మాట బూతు. సూది గుచ్చిన కాంపౌండర్‌ను ఉద్దేశించి అన్నాడు. ఎంత స్పష్టంగా అన్నాడంటే పక్క మంచం మీద మనిషి లేచి కూర్చున్నాడు. దవాఖానలో చేర్చినప్పటి నుంచి అప్పటిదాకా బావ ఒక్క అక్షరం పలకలేదు. మా అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని కాంపౌండర్‌కు దండం పెట్టింది.

"ఇంకోసారి గుచ్చు అన్నా," అంది. "ఇంకో మాట వస్తదేమో."

అతను ఇంకోసారి గుచ్చాడు. అదే మాట వచ్చింది.

ఇది ఎనభైల నడుమ, మణుగూరు బొగ్గుబావుల కాలనీలో జరిగిన సంగతి. బావ టింబర్‌మన్. భూమి లోపల బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. దుంగ పెట్టేముందు ఇనుపకడ్డీతో కప్పును తట్టి వినాలి. గట్టి కప్పు కంచుగిన్నెలా మోగుతుంది. లోపల నెర్రె విచ్చిన కప్పు పాత డబ్బాలా పలుకుతుంది. అలా పలికితే వెంటనే "కప్పు పడతాంది, జరుగుర్రి!" అని అరవాలి. వినడం ఆ ఉద్యోగంలో సగం. అరవడం మిగతా సగం.

భూమి పైన ఆయనకు ఇంకో పని ఉండేది. క్వార్టర్ల మధ్య రేకుల మందిరంలో శనివారం శనివారం భజన. ముందు పాడేది బావ. మా భజనలకు ఒక పద్ధతి ఉంది. ముందు పాడేవాడు ఒక ముక్క పాడి ఆగుతాడు. కూర్చున్నవాళ్ళు అదే ముక్కను తిరిగి అంటారు. దాన్ని వంత అంటారు. వంత వస్తేగాని ముందు పాడేవాడు రెండో ముక్కకు పోడు. ఈ విషయంలో బావ చాలా కచ్చితం. వంత పలచబడితే చెయ్యి గాలిలో తిప్పుతూ అదే ముక్క మళ్ళీ అందుకునేవాడు. ఒక శనివారం సగం మంది పులిహోర దగ్గరికి లేచిపోతే, వాళ్ళు తిని, చేతులు కడుక్కుని, తిరిగి వచ్చి కూర్చునేదాకా ఒకే ముక్క పాడాడు.

నేను లాంప్ రూంలో పనిచేసేవాణ్ణి. బావిలోకి దిగేవాళ్ళకు టోపీ దీపాలు ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకుని ఛార్జింగుకు పెట్టడం. షిఫ్టు దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు తప్ప ఖాళీ. ఆ ఖాళీలో చదివేవాణ్ణి. తొమ్మిదో తరగతితో బడి ఆగిపోయినా చదువు ఆగలేదు. కాలనీ క్లబ్బులో ఒక బీరువా పుస్తకాలు ఉండేవి. వాటిని పైఅర నుంచి కిందికి వరసగా చదివాను. నచ్చినవి ఏరుకుని చదివేవాళ్ళంటే నాకు గౌరవం లేదు. పశువులకు వచ్చే గాలికుంటు వ్యాధి గురించి నాకు తెలిసినంత మా కాలనీలో ఎవరికీ తెలియదు. మా కాలనీలో పశువులు లేవు.

బావను ఇంటికి తెచ్చాం. కుడి చెయ్యి, కుడి కాలు మొదట్లో పట్టు తప్పాయి గాని మెల్లగా తిరిగి వచ్చాయి. వర్షాకాలం వచ్చేసరికి బిందె ఎత్తగలిగాడు. మనం అన్నదంతా అర్థమయ్యేది. తిరిగి చెప్పడమే రాదు. చెప్పాలనుకున్నది గొంతు దాకా వచ్చి, దారి మరిచిపోయినట్టు అక్కడే నిలబడేది. నోట్లో మిగిలినవి రెండే మాటలు. ఒకటి ఆ బూతు, రెండోది "రామా". ఈ రెంటితోనే పూట గడపాలి. చూడటానికి వచ్చినవాళ్ళలో ఎవరికి ఏది దక్కుతుందో బావకూ తెలియదు. మందిరం అయ్యగారికి మొదటిది దక్కింది. సారా తాగి వచ్చిన పక్క క్వార్టర్ల లైను మనిషికి రెండోది దక్కింది. అతను చాలా సంతోషించాడు.

ఒక శనివారం భజనవాళ్ళు, బావకు ఊరటగా ఉంటుందని, తాళాలు, హార్మోనియం తీసుకుని ఇంటికే వచ్చారు. హార్మోనియం పట్టేది మా బావిలోనే ఫిట్టరు. బావ స్థానంలో అతనే ముందు పాడటం మొదలుపెట్టాడు. శ్రుతి కిందికి జారింది. బావ కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత చెయ్యి ఎత్తి ఫిట్టరును ఆపి, తానే అందుకున్నాడు.

పల్లవి మొత్తం పాడాడు. మాటలతో సహా. చరణాలూ పాడాడు. ఒక్క అక్షరం పోలేదు. అక్క వంటింటి గడపలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. వంతవాళ్ళు వంత మరిచిపోయారు. బావ చెయ్యి తిప్పి గుర్తు చేశాడు.

పాట అయ్యాక ఫిట్టరు బావ భుజాలు పట్టుకున్నాడు.

"అన్నా! నోరొచ్చిందే నీకు! ఏదీ, నీ పేరు చెప్పు."

బావ నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. వచ్చింది ఫిట్టరుకు దక్కవలసిన మాటే.

ఆ రోజు నుంచే మాకు కష్టం మొదలైంది.

బొగ్గుబావుల్లో ఒక ఏర్పాటు ఉండేది. కార్మికుడు పనికి పనికిరాడని డాక్టర్ల బోర్డు తేల్చితే, 'మెడికల్ అన్‌ఫిట్' అంటారు, అతని కొడుక్కు నౌకరి ఇస్తారు. ఫిట్ అంటే మళ్ళీ దిగాలి. మా మేనల్లుడికి అప్పటికి ఇరవై దాటాయి. లారీల మీద కూలికి పోతున్నాడు. బావ జీతం ఆగిపోయింది. బోర్డు అన్‌ఫిట్ అంటేనే క్వార్టరు నిలుస్తుంది, ఇల్లు నిలుస్తుంది. అదీగాక ఫిట్ అని బావను కిందికి పంపితే ఇంకో ప్రమాదం.

"ఆయన అరవలేకపాయె," అనేది అక్క. "కప్పు పడితే ఆయనొక్కడే పోతడా? కింద ఉన్నోళ్ళు ఏ తల్లి కన్నబిడ్డలో."

బోర్డు ముందు నటించేవాళ్ళు లేకపోలేదు. చూపు పోయిందని బోర్డు ముందు గోడలు తడిమినవాళ్ళు, ఇంటికి పోయే బస్సు మీద ఊరి పేరు దూరం నుంచే చదివి పరుగెత్తడం నేను చూశాను. కాబట్టి డాక్టర్లు ఎవరినీ ఒక పట్టాన నమ్మేవాళ్ళు కాదు. కాలు బాగుంది, చెయ్యి బాగుంది, మాట ఒక్కటే రాదు అనే మనిషి, శనివారం శనివారం భజనలో గొంతెత్తి పాడుతున్నాడు. కాలనీలో మాట పాకింది.

పంపు దగ్గర ఒకామె అక్కను అడగనే అడిగింది. "పాటొచ్చేటోడికి మాట రాదా వదినా? మా ఆయన గిట్ల నేర్చుకుంటే బాగుండు. మాకు ఇద్దరు కొడుకులు."

అక్క ఇంటికి వచ్చి బిందె దించకుండానే నా మీద పడింది.

"ఒరేయ్ తమ్మీ. ఇన్ని పుస్తకాలు చదివినవు. పాట ఎట్లొస్తాంది, మాట ఎట్లొస్తలేదు? గదొక్కటి చెప్పు."

క్లబ్బు బీరువాలో జవాబు లేదు. వారంలో సెలవు దొరికిన రోజు బస్సెక్కి భద్రాచలం పోయాను. అక్కడ గ్రంథాలయంలో పత్రికల గది వెనక శాస్త్ర గ్రంథాల అర ఉండేది. దాని ముందు సైకిలు పెట్టి ఉండేది. సైకిలు జరిపితే గ్రంథపాలకుడు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"గవి పరీక్షలోళ్ళు చదివేటియి," అన్నాడు.

"నాదీ పరీక్షే," అన్నాను.

మెదడు గురించిన పుస్తకం ఒకటి దొరికింది. వరదల్లో తడిసి ఆరిందేమో, ప్రతి పుట అప్పడంలా ఉంది. పొరుగూరి వాణ్ణి కనుక ఇంటికి ఇవ్వలేదు. సెలవు దొరికినప్పుడల్లా పోయి అక్కడే కూర్చుని చదివాను. మధ్యాహ్నం ఆయన తలుపు వేసుకుని భోజనానికి పోతే, గోదావరి కరకట్ట మీద కూర్చుని చదివింది నెమరు వేసుకునేవాణ్ణి. యాత్రికులు నన్ను మొక్కు ఉన్నవాడు అనుకునేవాళ్ళు.

ఆ పుస్తకం చదివాక నాకు మనుషుల తలలు వేరేగా కనిపించడం మొదలైంది. చెవి వినదు. చెవి చేసేది మోతను మెదడుకు చేరవెయ్యడం మాత్రమే. గాలి అదురుతుంది, చెవిలోని పొర అదురుతుంది, వెనక గవ్వలాంటి గూటిలో నీళ్ళు కదులుతాయి, ఆ కదలిక నరాల వెంట పోతుంది. వినేది మెదడు. మాట అనీ, పాట అనీ, కప్పు మోత అనీ తేల్చేది అదే. ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. పాట వింటున్న మెదడు ఊరికే కూర్చోదు. ఒక ముక్క చెవిన పడగానే తర్వాతి ముక్క కోసం ముందే చాప పరుచుకుంటుంది. అనుకున్నది అనుకున్నట్టు వస్తే సంతోషపడుతుంది. రాకపోతే ఆగి చూస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది: చాలామందిలో మాటలు అల్లే చోటు మెదడు ఎడమపక్కన ఉంటుంది. రాగం పని ఎక్కువగా కుడిపక్కన. బావకు చచ్చుబడింది కుడి చెయ్యి. నరాలు అడ్డంగా దాటి పోతాయి కనుక దెబ్బ తగిలింది ఎడమపక్కన. అంటే మాట దుకాణం మూతపడింది, పాట దుకాణం తెరిచే ఉంది. పాతపాటలోని మాటలు రాగాన్ని పట్టుకుని రెండో దుకాణంలోంచి బయటికి వస్తున్నాయి.

నేను తిరిగి వచ్చి అక్కకు చెప్పాను. ఆమె గోంగూర తుంచుతోంది.

"అక్కా, మెదడు రెండు చెక్కలు."

"టెంకాయ లెక్కనా?"

"అవ్, గట్లనే అనుకో. ఎడమ చెక్కల మాట ఉంటది. కుడి చెక్కల రాగం ఉంటది. బావకు దెబ్బ తగిలింది ఎడమ చెక్కకు."

అక్క కాసేపు కాడలు తుంచింది.

"మరి ఆ బూతు ఏ చెక్కల ఉన్నదిరా?"

దానికీ పుస్తకంలో జవాబు ఉంది. తిట్లు, దేవుడి పేర్లు, వరస అంకెలు లాంటివి ఆలోచించి అల్లేవి కావు. అవి ముందే కట్టి పెట్టిన మూటలు. మాట పోయినా చాలాసార్లు మూటలు మిగులుతాయి.

"అది సోంచాయించి అనేది కాదక్కా. రెడీగ ఉంటది."

"గది నాకు తెల్వదా? పెండ్లయిన కాన్నుంచి చూస్తున్న."

మంచం మీద బావ "రామా" అన్నాడు.

నాకు తోచిన ఆలోచన ఏమిటంటే, పాట దుకాణం తెరిచే ఉన్నప్పుడు, కొత్త సరుకు కూడా దాంట్లోనే పెట్టవచ్చు గదా అని. రోజూ కావలసిన మాటలను భజన రాగంలో కట్టి నేర్పితే, బావ వాటిని పాడగలడు. మేనల్లుడికి ఈ మాట చెప్తే వాడు నన్ను బయటికి పిలిచాడు.

"మామా, నీకు దండం పెడ్త. బోర్డు అయినంక నేర్పియ్యరాదా? ఆడ నాయిన పేరు చెప్పిండనుకో, నోరు మంచిగనే ఉన్నది, ఫిట్ అంటరు. ఇప్పటికే నటిస్తుండు అంటుండ్రు."

వాడు అన్నది తప్పు కాదు. జవాబు ఇంటి లోపలి నుంచి వచ్చింది.

"బోర్డు ఎప్పుడు పిలుస్తదిరా? పండుగకా, పబ్బానికా?" అక్క గడపలోకి వచ్చింది. "అందాక మీ నాయిన నీళ్ళు గావాలని అడగొద్దా? నిన్న సలికి వణుకుతుంటే నేను విసనకర్ర తెచ్చి విసిరిన. ఆయన కండ్ల నీళ్ళు పెట్టుకుండు. నౌకరి వస్తే వస్తది, రాకపోతే లారీలున్నయ్. నేర్పియ్యి తమ్మీ."

సాయంత్రం మేనల్లుడు మందిరం నుంచి చిడతలు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

మొదటి పాఠం "నీళ్ళు కావాలె". బావకు అలవాటైన మెల్లని భజన రాగం ఒకటి తీసుకున్నాను. నేను చిడతలు వేస్తూ పాడాను. బావ ఎడమచేత్తో తొడ మీద తాళం వేస్తూ విన్నాడు. కొన్నాళ్ళు ఒట్టి రాగమే వచ్చింది. తర్వాత రాగంలో నీళ్ళ ముక్క తేలింది. ఆ తర్వాత ఒక పొద్దున నేను నోరు తెరవకముందే బావ తాళం వేసి, కళ్ళు మూసుకుని, నిండు గొంతుతో పాడాడు.

"నీ...ళ్ళు కావాలే..."

అక్క చెంబు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. బావ చెంబు అందుకోలేదు. నా వైపు చూస్తున్నాడు. చెయ్యి గాలిలో తిరుగుతోంది. నాకు అర్థమైంది. "నీళ్ళు కావాలె," అని వంత ఇచ్చాను. అప్పుడు తాగాడు.

ఆ అలవాటు మాన్పించాలని నాకు తోచలేదు. వంత లేని భజన నేనూ ఎన్నడూ వినలేదు.

ఆ తర్వాత అన్నం, చాయ్, దుప్పటి, కాలునొప్పి. ఆయన పేరు. బావి రిజిస్టరులో ఆయన టోకెన్ నంబరు. ఇంకో మాట దగ్గర చిక్కు వచ్చింది. అక్కను ఎలా పిలవాలి? అంతకుముందు బావ ఆమెను "ఓయ్" అనేవాడు. మా వైపు భర్త పేరు భార్య అనదు, భార్య పేరు భర్తా పెద్దగా అనడు. ఓయ్ అనేది రాగంలో నిలబడలేదు. పెడితే పొలంలో పిట్టలను తోలినట్టు ఉంది.

"పేరే పెడదాం అక్కా. మూడక్షరాలు. రాగానికి మంచిగ కూసుంటది."

అక్క ముఖం గోడకు తిప్పుకుంది. "ఆయన నా పేరు పలికింది ఒక్కసారే. పెండ్లినాడు. ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలబడి, పేర్లు చెప్తేనే లోపటికి రానిస్తమంటే. అదీ గొణిగిండు."

"ఇప్పుడు గొణగడు," అన్నాను.

చివరి పాఠం బావే అడిగి నేర్చుకున్నాడు. అడగడం అంటే, చేతికర్ర ఎత్తి క్వార్టరు పైరేకును తట్టడం. తట్టి, చెవి పెట్టి విని, నా వైపు చూసి, నోరు తెరిచి, మూసుకున్నాడు. మళ్ళీ తట్టాడు. "కప్పు పడతాంది, జరుగుర్రి" కావాలి ఆయనకు.

"ఇంట్ల కప్పెందుకు పడతదయ్యా?" అంది అక్క.

బావ మళ్ళీ తట్టాడు. నేర్పాను. దానికి అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది. వచ్చిన రోజు మాత్రం ఏ చెంబూ, ఏ దుప్పటీ అడగకుండా చాలాసేపు అదే పాడాడు. మా లైనులో ఇద్దరు కొత్తవాళ్ళు బయటికి పరుగెత్తారు.

బోర్డు పిలిచింది. పెద్ద దవాఖానకు మేం నలుగురం పోయాం. బావకు అక్క ఉతికిన పంచె కట్టి, బొట్టు పెట్టింది. బస్సులో మేనల్లుడు కిటికీలోంచి అడవి చూస్తూ కూర్చున్నాడు. ఒక్కసారే నోరు విప్పాడు.

"మామా, ఆడ నాయిన పాడకుండ ఉంటడా?"

"ఏమో రా," అన్నాను. "అడిగితే పాడతడు."

"అడగకుండ ఉంటరా?"

"అడుగుతరు."

వాడు మళ్ళీ అడవి చూశాడు.

గదిలో ముగ్గురు డాక్టర్లు, బావుల తరఫున వచ్చిన ఒక అండర్‌గ్రౌండ్ ఆఫీసరు ఉన్నారు. నన్ను తోడుగా తలుపు దగ్గర నిలబడనిచ్చారు. అక్క, మేనల్లుడు బయట బల్ల మీద. నడుమ కూర్చున్న పెద్ద డాక్టరు బావ కాలు, చెయ్యి చూశాడు. బాగున్నాయన్నాడు.

"మీ పేరు చెప్పండి."

బావ తొడ మీద తాళం వేశాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంటిపేరుతో సహా పాడాడు. పాడి ఆగాడు.

ఫ్యాను తిరుగుతోంది.

"సరే. టోకెన్ నంబరు?"

బావ నంబరు చెప్పలేదు. ఆయన దృష్టిలో పేరు ఇంకా పూర్తి కాలేదు. చెయ్యి తిప్పి, అదే రాగంలో, పేరు మళ్ళీ పాడాడు. ముగ్గురి వైపూ వరసగా చూశాడు. చిన్న డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"సార్, ఇది నటన. ఇతను భజనల్లో పాడుతున్నాడని మనకు చెప్పనే చెప్పారు. పాడగలిగిన వాడు మాట్లాడలేడా?"

నేను ఊరుకోలేకపోయాను. "సార్, మెదడు రెండు చెక్కలు..." అని మొదలుపెట్టాను. మాట దుకాణం, పాట దుకాణం, అడ్డంగా దాటే నరాలు, మూటలు, అన్నీ చెప్పాను. పెద్ద డాక్టరు చివరిదాకా విన్నాడు.

"ఎక్కడ చదివారు?"

"భద్రాచలం గ్రంథాలయంలో, సార్."

"మంచిది. మాకు కాలేజీలో చెప్పారు." చిన్న డాక్టరు వైపు తిరిగాడు. "నీకూ చెప్పే ఉంటారు. పాట ఉండి మాట పోవడం ఉంటుంది. ఇతనికి ఉందా లేదా అన్నదే ప్రశ్న." మళ్ళీ నా వైపు చూశాడు. "ఇతను పాడి, ఎందుకు ఆగుతున్నాడు?"

"వంత కోసం, సార్."

"ఏమిటీ?"

"మీరు తిరిగి అనాలె సార్. అంటేగాని రెండో ముక్క రాదు. నేర్పినప్పుడు గట్లనే నేర్పిన."

ఆయన కలం కింద పెట్టాడు. తలుపు దగ్గర అటెండరు ఉన్నాడు. అతను ఏ ఊరి భజనలో కూర్చునేవాడో తెలియదు గాని, ఎవరూ చెప్పకుండానే బావ పేరును అదే రాగంలో తిరిగి అన్నాడు. బావ ముఖం విప్పారింది. వెంటనే టోకెన్ నంబరు పాడాడు. అటెండరు అదీ తిరిగి అన్నాడు. బావ ఇక ఆగలేదు. నీళ్ళు, అన్నం, దుప్పటి వరసగా వచ్చాయి. పెద్ద డాక్టరు అటెండరును బయటికి పొమ్మన్నాడు.

చిన్న డాక్టరుకు ఇంకా నమ్మకం కుదరలేదు. "నేర్పించి తెచ్చినట్టుంది, సార్. మాట ఏ రూపంలో వస్తే ఏం? చెప్పగలుగుతున్నాడు గదా. పని చేయగలడు."

మాట వస్తోంది కనుక ఫిట్. మేనల్లుడు మొదటి రోజు అన్నదే అది. నేను తలుపు సందులోంచి బయటికి చూశాను. వాడు బల్ల మీద ముందుకు వంగి కూర్చున్నాడు. అక్క కొంగు నోట్లో పెట్టుకుంది.

అప్పటిదాకా మాట్లాడని ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. బావిలో పనిచేసిన వాళ్ళ గొంతు అది, రాయి మీద రాయి రాసినట్టు ఉంటుంది.

"నేనొకటి అడుగుత సార్." బావ వైపు వంగాడు. "టింబర్‌మన్‌వు గదా నువ్వు?"

బావ తల ఊపాడు.

"కప్పు తట్టినవ్. డబ్బా లెక్క పలికింది. కింద పదిమంది ఉన్నరు. ఏమంటవ్?"

బావ లేచి నిలబడ్డాడు. ఇంత మంచి ప్రశ్న ఆయనను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. పంచె సర్దుకున్నాడు. తొడ మీద తాళం మొదలుపెట్టాడు. శ్రుతి చూసుకున్నాడు. తాళం ఒక చుట్టు ఊరికే పోనిచ్చాడు.

"కప్పూ... పడతాందీ..."

ఆగాడు.

ఎవరూ ఏమీ అనలేదు. బావ చెయ్యి గాలిలో తిప్పాడు. మళ్ళీ పాడాడు. "కప్పూ... పడతాందీ..." ముఖంలో ఆందోళన కనిపించింది. ఈసారి రెండు చేతులూ తిప్పాడు. అది నటన అని ఎవరైనా అంటే, ఆ కళ్ళు చూడలేదని నేనంటాను. వాళ్ళు వంత ఇస్తేగాని వాళ్ళను జరగమనే వీలు ఆయనకు లేదు. నుదుటి మీద చెమట బొట్టులోకి దిగింది. మళ్ళీ పాడాడు.

చివరికి ఆఫీసరు, బల్ల వైపు చూస్తూ, చాలా మెల్లగా "కప్పు పడతాంది," అన్నాడు. బావ ఆయనొక్కడితో తృప్తి పడలేదు. మిగతావాళ్ళ వైపు చెయ్యి తిప్పాడు. పెద్ద డాక్టరు అన్నాడు. ఆయన అన్నాక మూడో డాక్టరు అన్నాడు. చిన్న డాక్టరు కిటికీ వైపు చూసి, అటే తిరిగి, అన్నాడు.

"జరుగుర్రీ..." అని బావ పాట ముగించి కూర్చున్నాడు. ముఖం తుడుచుకున్నాడు. పని చేసి పైకి వచ్చినప్పుడు అలాగే తుడుచుకునేవాడు.

ఆఫీసరు పెద్ద డాక్టరు వైపు తిరిగాడు.

"సార్, కప్పు వంత దాకా ఆగదు."

పెద్ద డాక్టరు కలం తీసుకుని రాశాడు. ఏం రాశాడో మాకు కొన్ని వారాల తర్వాత తెలిసింది గాని, ఆఫీసరు బావకు తలుపు దాకా తోడు వచ్చి, "మంచిగ పాడినవ్ కాకా," అనడంతో నాకు అప్పుడే తెలిసింది. బయట అక్క లేచి నిలబడింది. "ఏమన్నరు?" అని అడిగింది. బావ ఆమెకు జవాబు పాడబోయాడు. మేనల్లుడు ఆయన చెయ్యి పట్టుకుని, "ఇంటికి పోయినంక నాయినా," అన్నాడు.

మేనల్లుడికి పైపనిలో నౌకరి వచ్చింది. కప్పు లేని చోట. క్వార్టరు నిలిచింది. శనివారం భజనలో బావ మళ్ళీ ముందు పాడాడు. ఫిట్టరు హార్మోనియానికే పరిమితమయ్యాడు, అందువల్ల అందరికీ మేలు జరిగింది.

వంత అలవాటు మాన్పించాలని తర్వాత నేను చాలా ప్రయత్నం చేశాను. భద్రాచలం పోయి ఆ పుస్తకం మళ్ళీ చూశాను. పరిచిన చాపను మెదడు తిరిగి చుట్టేది ఎలాగో అందులో లేదు. కొత్త మాటలు కొన్ని చేరాయి. పద్ధతి మారలేదు. పాలవాడు, పోస్టుమాన్, చూడవచ్చిన చుట్టాలు, అందరూ ముందు వంత నేర్చుకుని తర్వాత మాట్లాడేవాళ్ళు. మందిరం అయ్యగారు మాత్రం దూరం నుంచే పలకరించేవారు.

మా అక్క పేరు ఇక్కడ రాయను. రాయకపోయినా మా లైనులో అందరికీ వచ్చు. బావ గుమ్మంలో కుర్చీ వేసుకుని, తాళం వేసి, నిండు గొంతుతో ఆ మూడక్షరాలు పాడి ఆగేవాడు. పంపు దగ్గర నీళ్ళు పడుతున్న ఆడవాళ్ళు నవ్వు ఆపుకునేవాళ్ళు. ఆయనకు ఏం కావాలో తెలియాలంటే ఎవరో ఒకరు ఆ పేరు తిరిగి అనాలి. ఇంకొకరు అనడం అక్కకు ఇష్టం లేదు. మొదట్లో సిగ్గుపడి పరుగున ఇంటికి వచ్చి చెవిలో అనేది. తర్వాత్తర్వాత పంపు దగ్గరే నిలబడి, బిందె నిండుతుండగా, తన పేరు తానే రాగం తీసి అనేది.

అప్పుడు రెండో ముక్క వచ్చేది. ఎక్కువసార్లు అది చాయ్. కొన్నిసార్లు రెండో ముక్క ఉండేది కాదు. ఆమె వంత ఇచ్చాక బావ కాసేపు విని, తాళం ఆపి, కుర్చీలో వెనక్కి వాలేవాడు.